హోమ్ పిల్లల చదువు ఎవరి పూచీ?

బడిలో ఇచ్చే ప్రోగ్రెస్ కార్డు మీద చివర్న ఒక గీత ఉంటుంది, తల్లి లేదా తండ్రి సంతకం కోసం. మామూలు ఇంట్లో ఆ గీత మీద సంతకం పెట్టే మనిషి ఆ ఒక్క నిమిషంలో చాలా పనులు చేస్తారు. లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గాయని అడుగుతారు, వచ్చే ఏడు బడి మార్చాలా అని తర్జనభర్జన పడతారు, ట్యూషన్‌కు డబ్బు ఎక్కడి నుంచి తేవాలో లోలోపల లెక్క వేసుకుంటారు. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల కార్డు మీద ఆ గీత దగ్గర హోమ్ బాధ్యులు సంతకం పెట్టాలి. నూరు మంది పిల్లలుంటే నూరు సంతకాలు. సంతకం పడుతుంది సరే, దాని వెనకాల జరగాల్సిన ఆలోచన ఎవరు చేస్తున్నారు? ఈ ప్రశ్న మన దగ్గర వినపడేది చాలా తక్కువ. మనకు ఒక గట్టి నమ్మకం ఉంది: దిక్కులేని పిల్లలకు కూడు, గూడు, గుడ్డ దొరికితే అదే పదివేలు, బడిలో చేర్పించాక చదువు అబ్బేవాళ్లకు అబ్బుతుంది, అబ్బని వాళ్లకు ఏదో ఒక చేతిపని నేర్పిస్తే పద్దెనిమిదేళ్లకు తమ కాళ్ల మీద తాము నిలబడతారు. పుట్టినరోజు నాడు ఆశ్రమంలో భోజనాలు పెట్టించే దాతలు, లెక్కలు చూసే అధికారులు, వార్తలు రాసే పత్రికలు అందరూ మంచి మనసుతోనే ఇది నమ్ముతారు. అయినా ఆ నమ్మకం తప్పు. ఈ పిల్లల్లో చాలామందికి బడి దొరికింది. వాళ్ల చదువును ముందుచూపుతో నడిపించే మనిషి దొరకలేదు. బిడ్డను తన సంరక్షణలోకి తీసుకున్న ప్రభుత్వం ఆ ముందుచూపు బాధ్యతను కూడా తీసుకున్నట్టే. దాన్ని బిడ్డ తలరాతకు వదిలేసే అధికారం ప్రభుత్వానికి లేదు.

ముందు ఈ పిల్లలెవరో సరిగ్గా తెలియాలి. కేంద్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ దేశంలోని బాలల సంరక్షణ సంస్థలన్నిటినీ లెక్కించి 2018లో బయటపెట్టిన నివేదిక ప్రకారం సంస్థలు 9,589, వాటిలో సంరక్షణ అవసరమైన పిల్లలు 3.70 లక్షలు. వీళ్లందరినీ మనం అనాథలనే ఒక్క మాటతో చుట్టేస్తాం. కరోనా కాలం ఆ మాట ఎంత పొరపాటో చూపించింది. లాక్‌డౌన్ మొదలయ్యే నాటికి హోమ్‌లలో 2,27,518 మంది పిల్లలుంటే, 2020 డిసెంబరు నాటికి వాళ్లలో 1,45,788 మందిని తల్లిదండ్రులకో సంరక్షకులకో అప్పగించేశారని సుప్రీంకోర్టు ముందుకు లెక్క వచ్చింది. అంటే ముగ్గురిలో దాదాపు ఇద్దరికి అప్పగించడానికి ఎవరో ఒకరు ఉన్నారు. భర్త పోయిన తల్లి, కూలికి వలస పోయిన తండ్రి, మంచాన పడిన అమ్మమ్మ. వీళ్లలో చాలామంది బిడ్డను హోమ్‌లో వదిలింది రెండు పూటలా అన్నంతో పాటు బడికి పోతాడన్న ఆశతో. చదువు కోసమే ఇంటికి దూరమైన బిడ్డ విషయంలో చదువును అదనపు సౌకర్యంగా చూడటం, ఆ తల్లి ఒప్పుకున్న ఎడబాటుకు అర్థం లేకుండా చేయడమే.

చట్టం ఈ విషయాన్ని మనకంటే బాగా గుర్తించింది. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన బాలల న్యాయ చట్టం, ప్రతి బిడ్డ పునరావాసమూ ఆ బిడ్డకంటూ తయారైన వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ప్రకారమే జరగాలని 39వ సెక్షన్‌లో చెప్పింది. సంస్థలు అందించాల్సిన సేవల్లో తగిన చదువును, వెనకబడ్డ పిల్లలకు అదనపు బోధనను 53వ సెక్షన్‌లో చేర్చింది. 2016 నాటి నమూనా నియమాల్లో ఏడో నంబరు ఫారం ఈ ప్రణాళిక కోసమే ఉంది. మొదటి మూడు నెలలు పక్షానికోసారి, ఆ తర్వాత నెలకోసారి బిడ్డ ప్రగతి రాయాలని ఆ ఫారమే చెబుతోంది. 2017 మే నెలలో తమిళనాడు అనాథాశ్రమాల కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, ఒక్కో బిడ్డకూ ఈ ప్రణాళిక తయారు చేయడం ఆ ఏడాది డిసెంబరు 31లోగా పూర్తి కావాలని దేశంలోని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. చట్టం అమల్లోకి వచ్చి ఏడాది దాటాక కూడా న్యాయస్థానం గడువు పెట్టాల్సి వచ్చిందంటే పని ఎలా నడుస్తోందో ఊహించుకోవచ్చు. ఇక ఫారంలోనే ఒక బలహీనత ఉంది. ఆరోగ్యం, ఆహారం, మానసిక స్థితి, ఆటపాటలు, మత విశ్వాసాలు అన్నిటి వరసలో చదువు కూడా ఒక గడి. ఆ గడిలో ‘చదువు కొనసాగించాలి’ అని రెండు మాటలు రాసినా ఫారం నిండినట్టే. ఆ రెండు మాటలు ఏ బిడ్డకైనా సరిపోతాయి కాబట్టి అవి ఏ ఒక్క బిడ్డకూ పనికిరావు.

ఏం రాస్తే పనికొస్తుందో తెలియాలంటే మన రెండు రాష్ట్రాల్లో ఒక బిడ్డ చదువు ఏయే గుమ్మాలు దాటి పోతుందో చూడాలి. గురుకులాల్లో ఐదో తరగతి ప్రవేశం పరీక్షతో జరుగుతుంది. దానికి దరఖాస్తు పెట్టాలంటే గడువు తెలియాలి, కులం, ఆదాయం ధ్రువపత్రాలు చేతిలో ఉండాలి. ఇంట్లో అయితే పక్కింటివాళ్లు చెబితేనో, మేష్టారు గుర్తు చేస్తేనో తండ్రి మీసేవకు పరుగెత్తుతాడు. హోమ్‌లో ఉన్న బిడ్డకు ఆదాయ ధ్రువపత్రం ఎవరి పేరు మీద తేవాలి? కులం ఏమని రాయాలి? పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఆదుకునేవాళ్లు లేక ఆశ్రమాల్లో పెరిగే పిల్లలను ఉమ్మడి రాష్ట్రంలోనే వెనకబడిన తరగతుల ఏ గ్రూపులో చేర్చారు. ఆ వీలుందని తెలిసిన మనిషి దరఖాస్తు పెడితేనే అది బిడ్డకు అందుతుంది. తల్లో తండ్రో బతికి ఉండి ఆచూకీ లేని పిల్లలకైతే అదీ వర్తించదు. ఆ తర్వాత స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు నెలకొల్పిన పద్ధతిలో ఉన్నత విద్యలో 85 శాతం సీట్లు స్థానికులవి, అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది అందులో ముఖ్యమైన కొలమానం. తొమ్మిదో తరగతి బిడ్డను ఒక ప్రాంతపు హోమ్ నుంచి మరో ప్రాంతపు హోమ్‌కు పంపే కాగితం మీద సంతకం పెట్టే అధికారి, కొన్నేళ్ల తర్వాత ఆ బిడ్డ ఇంజనీరింగ్ సీటుకు చిక్కు తెస్తున్నానని ఆ క్షణంలో అనుకోరు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. బిడ్డను మార్చేటప్పుడు పడక ఖాళీ ఉందా, భద్రత ఉందా అన్న ప్రశ్నలు వాళ్ల ముందుకు వస్తాయి. చదువు గురించిన ప్రశ్న వేయాల్సిన మనిషి ఆ గదిలో లేరు. చిన్నపాటి విషయాలూ అలాగే పోతాయి. టీసీ ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతుంది, వయసు రుజువు లేదని నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. బడి గుమ్మం దగ్గర నిలబడి ఆ సెక్షన్లు గుర్తు చేసే తండ్రి లేని బిడ్డకు అవి ఉన్నా లేనట్టే.

అబ్బేవాళ్లకు ఎలాగూ అబ్బుతుంది అనేది ఈ నమ్మకానికి మూలస్తంభం. ఏటా ఎక్కడో ఒక హోమ్ బిడ్డ మంచి ర్యాంకు తెచ్చుకుంటే ఫోటోతో వార్త వస్తుంది, మనం సంతోషిస్తాం, స్తంభం ఇంకాస్త గట్టిపడుతుంది. ఆ బిడ్డ గొప్పతనం నిజమే. అయితే అది మిగతా పిల్లల అశక్తతకు సాక్ష్యం కాదు, వాళ్లు దాటాల్సి వచ్చిన గోడ ఎత్తుకు సాక్ష్యం. ఈ నమ్మకాన్ని మన గడ్డ మీదే ఒకసారి పరీక్షకు పెట్టారు. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పనిలోంచి పిల్లలను బడికి తెచ్చే ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, పత్తి చేలల్లో, పశువుల వెంట పెరిగిన పన్నెండేళ్ల పిల్లలకు ఇప్పుడేం చదువు వస్తుందని అందరూ పెదవి విరిచారు. శాంతా సిన్హా, ఆమె సహచరులు వాళ్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టలేదు. వసతితో కూడిన బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టి, ఒక్కో బిడ్డ ఎక్కడున్నాడో చూసి, నెలల తరబడి చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. బడిలో చేరాక కూడా వెంట ఉన్నారు. ఆ కృషికి ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ప్రత్యేక శిక్షణ ఇచ్చి వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలన్న అదే ఆలోచన విద్యాహక్కు చట్టంలో 4వ సెక్షన్‌గా నిలిచింది. చదువు అబ్బదని తీర్మానించిన పిల్లలకు అది అబ్బింది. వాళ్లలో కొత్తగా తెలివి పుట్టలేదు, వాళ్ల వెనక ఒక ఏర్పాటు పుట్టింది.

సంరక్షణలో ఉన్న పిల్లల గురించే నేరుగా జరిగిన పెద్ద పరిశోధన ఇంగ్లండ్‌ది. ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్ విశ్వవిద్యాలయాలు 2015లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, ఎక్కువ కాలం సంరక్షణలో ఉన్న పిల్లలు, ఇళ్లలోనే ఉంటూ ప్రభుత్వ సాయం అవసరమైన పిల్లల కంటే చదువులో మెరుగ్గా ఉన్నారని తేలింది. అంటే హోమ్ బిడ్డ అనగానే చదువు చెడినట్టే అన్న మాట నిలవదు. చదువును దెబ్బతీసినవి ఏవో కూడా ఆ లెక్కలు చెప్పాయి. పదహారేళ్లకు రాసే పరీక్షల ముందు రెండేళ్లలో బడి మారిన పిల్లలకు, మారని వాళ్లతో పోలిస్తే మొత్తం మీద ఐదు గ్రేడ్లకు పైగా తగ్గాయి. నివాసం మారిన ప్రతిసారీ కొంత తగ్గింది. ఇవన్నీ పెద్దవాళ్లు తీసుకునే నిర్ణయాలు, బిడ్డ నుదుట రాసి ఉన్నవి కావు. ఆ దేశంలో సంరక్షణలో ఉన్న ప్రతి బడి ఈడు బిడ్డకూ వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉండాలి, దాన్ని ప్రతి టర్మ్‌లోనూ తిరిగి చూడాలి, బడిలో అందుకు ఒక ఉపాధ్యాయుడు పేరుతో సహా బాధ్యుడిగా ఉండాలి. స్థానిక ప్రభుత్వంలో ఈ పిల్లలందరి చదువును ఒకే బడి పిల్లలన్నట్టు చూసే అధికారిని నియమించడం 2014 నుంచి చట్టరీత్యా తప్పనిసరి. అక్కడ కూడా ఈ పిల్లలు మిగతావాళ్లను అందుకోలేదు, అంతరం ఇంకా పెద్దదే. కానీ ఎవరిని అడగాలో అక్కడ తెలుసు. మన జిల్లాలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే కుర్చీయే లేదు. బాలల సంరక్షణ విభాగం చదువును విద్యాశాఖ పని అంటుంది, విద్యాశాఖకు హోమ్ బిడ్డ హాజరుపట్టీలో మరో పేరు.

ఇక చేతిపని మాట. దీన్ని నేను చిన్నచూపు చూడటం లేదు, మంచి ఎలక్ట్రీషియన్ దొరక్క ఇబ్బంది పడే ఊళ్లలోనే మనమంతా ఉన్నాం. అయితే ‘చదువు రాదు కాబట్టి పని నేర్పుదాం’ అనేవాళ్లు ఐటీఐ ప్రవేశ నిబంధనలు ఒకసారి చూడాలి. ఎలక్ట్రీషియన్‌కైనా ఫిట్టర్‌కైనా పదో తరగతి పాసవ్వాలి. చదువు ఆపి పని వైపు మళ్లించిన బిడ్డకు నిలకడైన జీతం తెచ్చే పనుల తలుపులే ముందు మూసుకుపోతాయి. మిగిలేది కుట్టుమిషను, కొవ్వొత్తులు, అగరుబత్తీలు. అన్నిటికంటే బాధ కలిగించేది ఎంపిక ఎవరిదన్నది. మన ఇంట్లో ఆరో తరగతి బిడ్డ చదవడంలో వెనకబడితే టైలరింగ్ నేర్పించే ఆలోచన మనకు రాదు, ట్యూషన్ మేష్టారిని వెతుకుతాం. హోమ్ బిడ్డకు మాత్రం ఆ వయసులోనే జీవితమంతటికీ తీర్పు చెప్పేస్తాం.

ఆ తీర్పుకు తోడు వయసు గీతలు. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లతో ఆగుతుంది. బాలల న్యాయ చట్టం పద్దెనిమిదేళ్లతో ఆగుతుంది. మన పిల్లలు మామూలుగా పదో తరగతి రాసేది పదిహేను, పదహారేళ్లకు. ఇంటర్ రెండో ఏడు, ప్రవేశ పరీక్షలు, కౌన్సెలింగ్ అన్నీ వచ్చిపడేది పదిహేడు, పద్దెనిమిదేళ్లకు. రెండేళ్లు ఆలస్యంగా బడిలో చేరిన బిడ్డకైతే ఇంటర్ మొదటి ఏడులోనే హోమ్ గడువు తీరిపోవచ్చు. పుట్టిన తేదీ తెలియని పిల్లలకు పత్రాలేవీ దొరకకపోతే వైద్య పరీక్షతో వయసు తేల్చాలని 94వ సెక్షన్ చెబుతుంది. అంటే ఒక ఎముకల పరీక్ష ఇచ్చిన అంచనా, బిడ్డ ఏ తరగతి మధ్యలో సామాను సర్దుకోవాలో నిర్ణయిస్తుంది. ఆ తర్వాతి ఆసరా గురించి 46వ సెక్షన్‌లో ఉన్న మాట ‘ఇవ్వవచ్చు’ అని. ‘ఇవ్వాలి’ అని లేదు. నియమాలు ఇరవై ఒకటి దాకా, ప్రత్యేక సందర్భాల్లో ఇరవై మూడేళ్ల దాకా ఆసరాకు వీలిచ్చాయి. కేంద్ర బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు అందుకు నెలకు 4,000 రూపాయలు పెట్టాయి. ఆ వీలును ముందే గుర్తించి, పదిహేనో ఏటనే కాగితాలు మొదలుపెట్టే మనిషి ఉంటేనే అది బిడ్డకు దక్కుతుంది. పద్దెనిమిదో పుట్టినరోజుకు నెల ముందు మొదలుపెడితే కాలేజీ ఫీజు గడువు దాటిపోతుంది.

నా వాదనకు బలమైన అభ్యంతరాలు రెండున్నాయి. పిల్లలను హోమ్‌లలో పెట్టడమే తప్పు, వీలైనంత తొందరగా కుటుంబానికి చేర్చాలి, హోమ్‌లోని చదువుకు పెద్ద పీట వేస్తే చదువు పేరుతో బిడ్డలను అక్కడే ఉంచేస్తారు అని బాలల హక్కుల కోసం పనిచేసేవాళ్లే అంటారు. కుటుంబమే మేలన్న దాంతో నాకు పేచీ లేదు, సంస్థ చివరి మార్గమే కావాలి. 2020లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా ఎనిమిది రాష్ట్రాలకు హోమ్ పిల్లలను కుటుంబాలకు చేర్చాలంటూ జాతీయ బాలల హక్కుల కమిషన్ రాసిన లేఖ వెనక ఉన్నదీ ఈ ఆలోచనే. కానీ ఇంటికి వెళ్లిన బిడ్డ చదువు ఏమైంది? ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు, ఇళ్లకు పంపిన పిల్లల చదువుకు నెలకు 2,000 రూపాయలు ఇవ్వాలని ఆదేశించాల్సి వచ్చింది. బిడ్డను ఇంటికి పంపడానికి ఒక ఉత్తర్వు చాలు. ఆ ఊళ్లో హైస్కూలు ఎంత దూరం, బస్సు ఉందా, తల్లి మళ్లీ వలస పోతే ఎవరి దగ్గర ఉంటాడు అన్నవి తేల్చడానికి ఉత్తర్వు చాలదు. అందుకే ప్రణాళిక బిడ్డ వెంట నడవాలి, హోమ్ బీరువాలో ఉండిపోకూడదు. ఇంటికి చేర్చే ప్రయత్నం నిలబడాలన్నా ఇదే దారి, ఎందుకంటే ఊళ్లో చదువు ఆగిపోతే ఆ తల్లి మళ్లీ బిడ్డను తీసుకుని హోమ్ గుమ్మం ముందే నిలబడుతుంది.

రెండోది అనుభవం ఉన్న అధికారుల అభ్యంతరం: ఇప్పటికే ఫారాలతో సతమతమవుతున్నాం, ఇంకో ప్రణాళిక అంటే ఇంకో మొక్కుబడి కాగితం. వాళ్ల కష్టం నిజం. నమూనా నియమాలు నూరు మంది పిల్లలుండే సంస్థకు సూచించిన సిబ్బంది పట్టికలో కేస్ వర్కర్లు ముగ్గురు. చదువు చెప్పేవాళ్లు ఇద్దరు, అదీ పార్ట్ టైమ్‌గానో స్వచ్ఛందంగానో. వంటవాళ్ల అవసరం మీద ఎవరికీ అనుమానం లేదు, చదువు దగ్గరికి వచ్చేసరికి స్వచ్ఛంద సేవ సరిపోతుందనుకున్నాం. ఖర్చు పెట్టాల్సింది మొదట ఇక్కడే. కాగితం మొక్కుబడి కావడానికి కారణం మాత్రం కాగితం కాదు, దాన్ని చదివి ప్రశ్న వేసేవాళ్లు లేకపోవడం. బాలల సంక్షేమ సమితి నెలకు కనీసం రెండుసార్లు సంస్థలను తనిఖీ చేయాలని చట్టంలో ఉంది. ఆ రోజు వంటగది, మరుగుదొడ్లు చూసినట్టే, ఏవో ఐదుగురు పిల్లల ప్రణాళికలు తెరిచి, ఆ పిల్లలనే పిలిచి, ఇందులో రాసింది నీకు తెలుసా అని అడిగితే చాలా మారుతుంది. ఆరుగురి కంటే తక్కువ మంది ఉన్న చోట తప్ప ప్రతి సంస్థలోనూ పిల్లల కమిటీలు ఉండాలని కూడా చట్టమే చెప్పింది. తమ చదువు గురించి వాళ్లను అక్కడ అడగకపోతే ఇంకెక్కడ అడుగుతారు? అలాగే బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. హోమ్ పిల్లలు ఎక్కువగా వెళ్లే బడిలో వాళ్ల తరఫున ఒక మనిషి కూర్చోవడానికి ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో చోటివ్వగలదు.

ఉత్తర్వులు ఇచ్చి మర్చిపోయిన చోట ఏం జరుగుతుందో కూడా మనకు తెలుసు. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్ల నిబంధన కింద అనాథలు, హెచ్ఐవీ బాధితులు, వికలాంగ పిల్లలకు 5 శాతం కేటాయిస్తూ ఉమ్మడి రాష్ట్రం 2011లోనే రాసిపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ప్రవేశాలు మొదలయ్యేసరికి పదేళ్లు దాటాయి. 2011లో ఒకటో తరగతికి సిద్ధంగా ఉన్న బిడ్డ అప్పటికి బడి చదువే ముగించేసి ఉంటుంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, చదువు అందని అనాథ పిల్లలెందరో సర్వే చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. లెక్క తీయడం అవసరమే. లెక్క తేలేదాకా ఆగనవసరం లేని పిల్లలు మాత్రం మన జిల్లాల రిజిస్టర్లలో పేర్లతో సహా ఉన్నారు. ఏప్రిల్ చివర బడులు మూస్తారు, జూన్ 12న తెరుస్తారు. ఆ ఏడు వారాల్లో జిల్లా బాలల సంరక్షణ అధికారి, విద్యాశాఖ నుంచి ఒకరు, హోమ్ బాధ్యులు ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక్కో పేరూ చూడాలి. ఎవరిని మార్చక తప్పదు, ఎవరిని ఈ ఏడు కదపకూడదు, ఎవరికి చదవడం రాకుండానే ఏడో తరగతి వచ్చింది, ఎవరి టీసీ ఇంకా పాత బడిలోనే ఉంది అన్నవి తేల్చాలి. పదో తరగతిలోకి వచ్చే పిల్లలతో మొదలుపెట్టడం మంచిది. ఆ ఏడాదే బడివాళ్లు నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా, పంపుతారు. అందులో పడిన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆ బిడ్డ మెమో మీదికి, అక్కడి నుంచి ప్రతి దరఖాస్తు మీదికీ వెళ్తాయి. అవి సరిగ్గా ఉన్నాయో లేదో పంపకముందే ఎవరో ఒకరు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చదివి చూడాలి.